ఆయిల్ ఫిల్టర్‌ను చేతికందే చోటికి మార్చాలంటే: కిట్ కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

టయోటా 22ఆర్-ఈ ఇంజిన్ ఉన్న పాత పికప్‌కో, 4రన్నర్‌కో ఇంటి దగ్గర ఆయిల్ మార్చేవాళ్లకు అసలు తలనొప్పి ఆయిల్ కాదు, ఫిల్టర్. 1980ల మధ్య నుంచి 1995 దాకా అమెరికాలో అమ్మిన ఈ బండ్లలో ఫిల్టర్ ఇంజిన్‌కు కుడి పక్కన, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల అమరిక) కింద, దాదాపు అడ్డంగా బిగించి ఉంటుంది. బోనెట్ ఎత్తితే సరిగ్గా కనిపించదు. కింద పడుకుని చూస్తే కనిపిస్తుంది కానీ చెయ్యి ఆడదు. సగం విప్పేసరికి వేడి ఆయిల్ ముంజేతి మీదుగా మోచేతి దాకా కారుతుంది. మిగిలింది ఇంజిన్ మౌంటు మీద, ఫ్రేమ్ మీద పడి, ఆ తర్వాత రెండు రోజులు నేల మీద చుక్కలు పెడుతూనే ఉంటుంది. మొదటి రెండు తరాల మాజ్దా మియాటాలోనూ ఇదే వరస. అక్కడ కూడా ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందే దాక్కుని ఉంటుంది.

దీనికి ఉన్న మార్గం ఫిల్టర్ రీలొకేషన్ కిట్. ఇంజిన్ మీద ఫిల్టర్ ఉండే చోట ఒక అడాప్టర్ బిగిస్తారు. దాన్నుంచి రెండు హోస్ పైపులు లాగి, బోనెట్ ఎత్తగానే చేతికందే చోట రిమోట్ హెడ్ అనే చిన్న అల్యూమినియం దిమ్మెను బిగించి, ఫిల్టర్‌ను దానికి తగిలిస్తారు. డెరేల్, ట్రాన్స్-డాప్ట్, మోకల్ లాంటి కంపెనీలు ఇలాంటి కిట్లు అమ్ముతాయి.

పని పెద్దది కాదు. కానీ దాని పర్యవసానం పెద్దది. ఇలాంటి ఇంజిన్లలో బేరింగులకు చేరే ఆయిల్ అంతా ముందు ఫిల్టర్ గుండా పోవాలి. అంటే కిట్ పెట్టాక అదంతా ఆ రెండు పైపుల గుండా పోయి రావాలి. కంపెనీ అమరికలో ఫిల్టర్ దగ్గర లీకయ్యే అతుకు ఒక్కటే, ఫిల్టర్ గ్యాస్కెట్. కిట్ బిగించాక లెక్కపెట్టండి: అడాప్టర్ గ్యాస్కెట్ ఒకటి, అడాప్టర్‌లోకి వెళ్లే ఫిట్టింగులు రెండు, పైపుల చివర్లు నాలుగు, హెడ్‌లోకి వెళ్లే ఫిట్టింగులు రెండు, ఫిల్టర్ గ్యాస్కెట్ ఒకటి. మొత్తం పది. ఇందులో ఏ ఒక్కటి ఊడినా ఫలితం ఒకటే. ఒక మోస్తరు నాలుగు సిలిండర్ల ఇంజిన్ పంపు రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు నిమిషానికి 20 లీటర్లు తోస్తుందనుకుంటే, 4 లీటర్ల చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఖాళీ కావడానికి 12 సెకన్లు చాలు. ఆయిల్ లైటు వెలగడం, మీరు దాన్ని గమనించడం, బండి పక్కకు తీసి తాళం తిప్పడం అన్నీ ఆ లోపే జరగాలి.

అందుకే ఇది చేయదగ్గ మార్పేనని చెబుతూనే, నాసిరకం సామానుతో మాత్రం చేయవద్దని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

కంపెనీ ఫిల్టర్‌ను అక్కడ ఎందుకు పెట్టింది

ఆయిల్ పంపు క్రాంక్ షాఫ్ట్ ముందు భాగంలో ఉంటుంది. బేరింగులకు ఆయిల్ పంచే ప్రధాన కాలువ బ్లాకు పొడవునా ఒక పక్కగా సాగుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఫిల్టర్ పెడితే బ్లాకు పోతపోసేటప్పుడే దారి వచ్చేస్తుందో అక్కడే పెట్టారు. విడి పైపు లేదు, ఫిట్టింగు లేదు, లీకు లేదు. బండి కొన్నవాడి మోచెయ్యి ఆ లెక్కలోకి రాలేదు.

తలచుకుంటే కంపెనీలు దీన్ని సరిచేయగలవు. టయోటాయే తర్వాత 4.0 లీటర్ల 1జీఆర్-ఎఫ్ఈ వీ6 ఇంజిన్లో ఫిల్టర్‌ను ముందు పైభాగానికి తెచ్చింది. సుబారు ఎఫ్‌బీ ఇంజిన్లలో ఫిల్టర్ పైనే, చుట్టూ కారిన ఆయిల్ పట్టే గిన్నెతో సహా ఉంటుంది. అలాంటి బండ్లకు ఈ కిట్‌తో పనే లేదు. కాగితం ఎలిమెంటును ప్లాస్టిక్ మూత కింద పెట్టే ఇంజిన్లకు మామూలు కిట్ అసలు సరిపోదు. ఎందుకంటే అక్కడ అడాప్టర్ బిగించడానికి మరలున్న స్టడ్ (తల లేని బోల్టు) ఉండదు. ఇక వారంటీలో ఉన్న కొత్త బండి జోలికి పోవద్దు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు పెట్టినంత మాత్రాన వారంటీ రద్దు కాదు. కానీ ఆ పార్టు వల్లే ఇంజిన్ పోయిందని తేలితే కంపెనీ భరించదు. ఆయిల్ అందక పోయిన ఇంజిన్ విషయంలో అది తేల్చడం వాళ్లకు కష్టం కాదు.

ముందు చవక దారులు చూడండి

ఫిల్టర్‌ను పావు మర వదులు చేసి, దాని మీదికి మందపాటి జిప్ కవరు తొడిగి, కవరు లోపలే చేత్తో తిప్పి తీస్తే కారేది చాలావరకు అందులోనే పడుతుంది. పాత ఆయిల్ డబ్బాను నిలువునా కోసి కాలువలా చేసి ఫిల్టర్ కింద దూర్చడం ఇంకో పద్ధతి. ఫిల్టర్ మూతకు సరిపోయే కప్పు పానా, దానికో పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్ ఉంటే చెయ్యి లోపలికి పోనవసరమే లేదు. కుడి ముందు చక్రం ఊడదీస్తే చాలా బండ్లలో పక్క నుంచి తేలిగ్గా అందుతుంది. అయితే జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టవద్దు, స్టాండు తప్పనిసరి. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఆయిల్ మార్చేవాళ్లలో చాలామందికి ఈమాత్రం సరిపోతుంది.

ఇంకో విషయం చాలామంది మరిచిపోతారు. ఫిల్టర్ పైకి వచ్చినంత మాత్రాన డ్రెయిన్ బోల్టు పైకి రాదు. కిందికి దూరడం పూర్తిగా తప్పాలంటే డిప్‌స్టిక్ గొట్టం గుండా వ్యాక్యూమ్ పంపుతో ఆయిల్ లాగాలి, లేదా డ్రెయిన్ బోల్టు స్థానంలో ఫుమోటో లాంటి మీట ఉన్న వాల్వు పెట్టుకోవాలి. 22ఆర్-ఈ డ్రెయిన్ బోల్టు మర ఎం12×1.25. ఆ కొలత వాల్వులు దొరుకుతాయి. రాళ్ల దారిలో నడిపే బండికైతే వాల్వు చాంబర్ కిందికి పొడుచుకు వచ్చి దెబ్బ తింటుందేమో చూసుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా, ఇంకా పదేళ్లు నడుపుకుందామనుకున్న పాత టయోటాకో మియాటాకో ఈ మార్పు చేయాలనిపిస్తే తప్పు లేదు. 22ఆర్-ఈకి ఒక అనుకూలత కూడా ఉంది. వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజిన్‌కు ఎడమ వైపు, ఫిల్టర్ కుడి వైపు. పైపులు వేడి వైపు పోవాల్సిన అవసరమే రాదు.

ఆయిల్ ఏ దారిలో పోతుంది

బిగించేముందు బుర్రకెక్కాల్సింది ఇదే. ఫిల్టర్ డబ్బా అడుగున మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న రంధ్రాల వలయం ఉంటాయి. పంపు నుంచి వచ్చే మురికి ఆయిల్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్లి, కాగితం బయటి వైపు నుంచి లోపలికి వడగట్టుకుని, మధ్య రంధ్రం గుండా ఇంజిన్‌కు తిరిగి వస్తుంది. రీలొకేషన్‌లోనూ ఇదే వరస ఉండాలి. అడాప్టర్ బయటి వలయం నుంచి వచ్చే పైపు హెడ్‌లోని బయటి వలయానికి వెళ్లాలి. హెడ్ మధ్య నుంచి వచ్చే పైపు అడాప్టర్ మధ్యకు రావాలి.

రెండు పైపులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తారుమారు చేస్తే ఏమవుతుంది? చిన్న రంధ్రాల వెనక ఒక రబ్బరు పొర ఉంటుంది, యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వు. బండి ఆపాక ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపేది అదే. మధ్య రంధ్రం నుంచి ఆయిల్ తోస్తే ఆ పొర మూసుకుపోతుంది. పంపు తోస్తూనే ఉంటుంది, బేరింగులకు మాత్రం ఏమీ చేరదు. కొన్ని హెడ్ల మీద లోపలికి, బయటికి అని బాణం గుర్తులుంటాయి. ఉన్నా నమ్మేయకండి. అడాప్టర్‌ను చేతిలో పట్టుకుని మధ్య రంధ్రంలోకి గాలి ఊది, ఏ పోర్టులోంచి వస్తోందో చూడండి. హెడ్‌కూ అలాగే చేయండి. మధ్య నుంచి వచ్చిన రెండు పోర్టులకూ ఒకే రంగు టేపు చుట్టండి.

రెండో వాల్వు బైపాస్. కాగితం మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, వడకట్టని ఆయిల్‌నైనా సరే ఇంజిన్‌కు పంపేది ఇదే. టయోటా ఫిల్టర్లలో ఇది డబ్బాలోనే ఉంటుంది కాబట్టి పైపుల నిరోధంతో దానికి సంబంధం లేదు, కాగితానికి అటూ ఇటూ ఉన్న తేడా మాత్రమే చూస్తుంది. అదే జీఎం (జనరల్ మోటార్స్) పాత స్మాల్ బ్లాక్ వీ8లో బైపాస్ బ్లాకు మీదే ఉంటుంది. అక్కడ రీలొకేషన్ పెడితే ఆ వాల్వుకు ఫిల్టర్ నిరోధంతో పాటు రెండు పైపులు, నాలుగు మలుపుల నిరోధం కూడా కలిపి కనిపిస్తుంది. అది ముందే తెరుచుకుని, ఆయిల్ ఫిల్టర్ దాకా పోకుండానే ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. గేజీలో ప్రెషర్ బాగానే చూపిస్తుంది, ఆయిల్ మాత్రం శుభ్రపడదు. అలాంటి ఇంజిన్లకు బ్లాకులోని బైపాస్‌ను మూసేసి, బైపాస్ ఉన్న ఫిల్టర్‌నో హెడ్‌నో వాడాలి. మీ ఇంజిన్‌కు బైపాస్ ఎక్కడుందో తేలాకే కిట్ ఎంచుకోండి.

మరలు కలిసినట్టే ఉండి కలవవు

22ఆర్-ఈ ఫిల్టర్ స్టడ్ 3/4-16 యూఎన్‌ఎఫ్. మియాటాది ఎం20×1.5. మొదటిదాని బయటి వ్యాసం 19.05 మి.మీ., మర దూరం 1.59 మి.మీ. రెండోదాని వ్యాసం 20 మి.మీ., మర దూరం 1.5 మి.మీ. తేడా ఎంత తక్కువంటే, ఎం20 ఫిల్టర్ 3/4 స్టడ్ మీద వదులుగా ఎక్కి, గ్యాస్కెట్ తగిలాక బిగిసినట్టే అనిపిస్తుంది. చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే మరల అంచులు తెగి డబ్బా ఎగిరిపోతుంది. ఈ పొరపాటుకు రీలొకేషన్‌లో అవకాశం రెట్టింపు. ఎందుకంటే ఇంజిన్ వైపు అడాప్టర్ మర ఒకటి, హెడ్ మీద ఫిల్టర్ మర ఇంకొకటి కావచ్చు. మియాటాకు ఎం20 అడాప్టర్ పెట్టి, 3/4-16 హెడ్ వాడితే ఇక మీదట కొనాల్సింది 3/4-16 ఫిల్టర్. షాపువాడు కంప్యూటర్లో బండి పేరు కొట్టి ఇచ్చేది మియాటా ఫిల్టర్. హెడ్ మీద మర కొలతను పెయింట్ పెన్నుతో రాసి పెట్టండి. వెర్నియర్ కాలిపర్‌తో స్టడ్‌ను ఒకసారి కొలిచి చూసుకోవడం నిమిషం పని.

మర ఒక్కటే చాలదు, అడాప్టర్ కింద గ్యాస్కెట్ ఎక్కడ ఆనుతుందో కూడా చూడాలి. టయోటా చిన్న ఫిల్టర్ గ్యాస్కెట్‌కు తగ్గట్టు బ్లాకు మీద చదును చేసిన వలయం ఉంటుంది. అన్ని బండ్లకూ సరిపోతుందని అమ్మే అడాప్టర్ గ్యాస్కెట్ అంతకన్నా పెద్దదైతే, దాని అంచు చదును దాటి గరుకు పోత మీద ఆనుతుంది. ఎంత బిగించినా చెమ్మ ఆగదు.

ఇక ఫిట్టింగులు. చవక కిట్లలో హెడ్‌కు 1/2 ఎన్‌పీటీ (అమెరికా పైపు ప్రమాణం) మరలుంటాయి. ఇవి కొస వైపు సన్నబడే మరలు, బిగించేకొద్దీ చీలలా లోపలి గోడను బయటికి తోస్తాయి. అల్యూమినియం హెడ్‌ను ఎక్కువ బిగిస్తే పగులుతుంది. వీటికి ద్రవరూప సీలెంటే వాడండి. మొదటి రెండు మరలకు అదీ పూయకండి. టెఫ్లాన్ టేపు వద్దు. తెగిన ముక్క ఫిల్టర్ తర్వాతి పైపులో పడితే నేరుగా బేరింగు దారిలో ఇరుక్కుంటుంది. ఓ-రింగ్‌తో (రబ్బరు వలయంతో) సీలయ్యే పోర్టులున్న హెడ్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ట్రాక్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ హోస్‌లు కొలతకు కోసి చివర్లు క్రింప్ చేసి (మిషన్‌తో నొక్కి బిగించి) ఇచ్చే షాపులుంటాయి. ఇంత నమ్మకమైన చివర్లు ఇంట్లో చేయడం కష్టం కాబట్టి అది మంచి దారే. జాగ్రత్త పడాల్సింది ఒక్కటి: మన దగ్గర హైడ్రాలిక్ సామాన్లలో బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు ప్రమాణం) మరలు బాగా వాడుకలో ఉన్నాయి, అమెరికన్ హెడ్‌కు ఎన్‌పీటీ ఉంటుంది. అర అంగుళం కొలతలో రెంటికీ అంగుళానికి 14 మరలే. కోణం మాత్రం ఒకదానిది 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. రెండు చుట్లు హాయిగా తిరుగుతాయి, తర్వాత బిగుస్తాయి, ఆ తర్వాత లీకవుతాయి. హెడ్‌ను షాపుకు తీసుకెళ్లి అక్కడే బిగించి చూపించమనండి. ఏఎన్ రకం (అమెరికా సైనిక విమానాల ప్రమాణం నుంచి వచ్చిన) చివర్లయితే సీలు 37 డిగ్రీల శంకువు మీద పడుతుంది, దానికి ఏ సీలెంటూ అక్కర్లేదు. 45 డిగ్రీల మామూలు ఆటోమొబైల్ ఫ్లేర్‌తో దాన్ని కలపకూడదు.

పైపు లావు, పైపు గుణం

లోపలి వ్యాసం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. కన్నా తక్కువ వాడవద్దు. ఏఎన్ కొలతల్లో చెప్పాలంటే ఏఎన్-10. ఏఎన్-8 గొట్టం లోపల దాదాపు 11 మి.మీ. మాత్రమే ఉంటుంది. కారణం లెక్కలో ఉంది. ఆయిల్ నెమ్మదిగా, సాఫీగా పారేటప్పుడు నిరోధం వ్యాసపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. అర అంగుళం బదులు 3/8 అంగుళం వాడితే నిరోధం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది, సుడులు మొదలైతే ఇంకా ఎక్కువ. రెండు పైపులూ కలిపి మీటరున్నర పొడవు, 30 గ్రేడు ఆయిల్, 100 డిగ్రీల సెల్సియస్, నిమిషానికి 20 లీటర్లు అనుకుంటే అర అంగుళం పైపులో పోయే ప్రెషర్ 1 నుంచి 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అది లెక్కలోకి రాదు. కానీ అదే ఆయిల్ 20 డిగ్రీల దగ్గర 15 రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. షికాగో జనవరి చలిలో సంగతి చెప్పనే అక్కర్లేదు. సన్న పైపు తన అసలు రంగు చూపించేది అప్పుడే. మలుపు ఫిట్టింగుల్లో కూడా డ్రిల్లు చేసిన ఎల్ ఆకారం వాటికన్నా, వంచిన గొట్టం ఉన్న 90 డిగ్రీల ఫిట్టింగులు నయం.

రబ్బరు విషయంలో రాజీ లేదు. హీటరు హోస్ చూడటానికి గట్టిగా, లావుగా, చవగ్గా ఉంటుంది. అది ఈపీడీఎం రబ్బరు. నీళ్లకు, కూలెంట్‌కు చేసింది. ఇంజిన్ ఆయిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఒకరోజు ఫిట్టింగు నుంచి జారిపోతుంది. లోపలి పొర నైట్రైల్ రబ్బరో, పీటీఎఫ్ఈయో (టెఫ్లాన్) అయి ఉండి, వేడి ఆయిల్‌కు పనికొస్తుందని పైపు మీదే ముద్రించి ఉండాలి. మామూలు మర క్లిప్పులతో బిగించే ముళ్ల ఫిట్టింగులు ఈ పనికి వద్దు. చల్లటి స్టార్ట్‌లో ప్రెషర్ 80 పీఎస్ఐ దాటడం వింత కాదు. రబ్బరు కాలక్రమంలో కుంగుతుంది, క్లిప్పు దానంతట అది బిగుసుకోదు.

పైన స్టీలు అల్లిక ఉన్న హోస్ అందంగా ఉంటుంది, అయితే అది రంపం కూడా. ఇంజిన్ అదురుకు బ్రేకు పైపునో, వైరింగునో, మడ్‌గార్డ్ రేకునో రాసుకుంటూ కోసేస్తుంది. గుడ్డ అల్లిక ఉన్నది వాడండి, లేదంటే తాకే ప్రతి చోటా రబ్బరు తొడుగు వేసి, రబ్బరు లైనింగు ఉన్న పీ-క్లిప్పులతో పట్టించండి.

అన్నిటికన్నా ఇంజిన్లను ఎక్కువగా పాడుచేసేది కంటికి కనిపించదు. హోస్‌ను కోసినప్పుడు లోపల రబ్బరు పొడి, తీగ ముక్కలు మిగులుతాయి. హెడ్ తయారీలో మిగిలిన అల్యూమినియం పొట్టు కూడా ఉండొచ్చు. ఫిల్టర్‌కు ముందున్న పైపులో ఉంటే ఫిల్టర్ పట్టుకుంటుంది. తర్వాతి పైపులో ఉంటే దానికీ మెయిన్ బేరింగుకూ మధ్య అడ్డం ఏమీ లేదు. రెండు పైపులనూ, హెడ్‌నూ, అడాప్టర్‌నూ కిరోసిన్‌తోనో బ్రేక్ క్లీనర్‌తోనో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి, పైపులోంచి తెల్లటి గుడ్డ ముక్కను లాగి చూడండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్లీ కడగండి.

హెడ్ ఎక్కడ పెట్టాలి

చేతికందడం ఒక్కటే కొలత కాదు. ఫిల్టర్ నోరు పైకి, డబ్బా కిందికి వేలాడేలా పెడితే విప్పినప్పుడు ఆయిల్ డబ్బాలోనే ఉండిపోతుంది. అసలు ఈ పనంతా దీనికోసమే. డబ్బా తలకిందులుగా నిలబడేలా పెడితే పైన కూడా అదే కంపు మొదలవుతుంది. కింద డబ్బా పట్టేంత జాగా, పక్కన పానా తిరిగేంత జాగా ఉండాలి. హెడ్, నిండిన ఫిల్టర్ కలిపి కిలోకు పైగా బరువు, అదీ అదురుతూ ఉంటుంది. మడ్‌గార్డ్ లోపలి రేకుకు నేరుగా బోల్టు వేస్తే కొన్నాళ్లకు రేకు చుట్టూ చీలుతుంది. వెనక 3 మి.మీ. ప్లేటు ఆనించి, ఎం8 బోల్టులు, లాక్ నట్లతో బిగించండి. ఫ్యాను, బెల్టులు, బ్యాటరీ టెర్మినళ్లు దూరంగా ఉండాలి. బంపరు వెనకే పెడితే చిన్న గుద్దుకే ఆయిల్ మొత్తం పోతుంది. కుడి స్టీరింగ్ దేశాల బండ్లలో స్టీరింగ్ రాడ్ ఫిల్టర్ ఉన్న కుడి వైపే దిగుతుంది కాబట్టి, చక్రాలను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూసి గానీ పైపులు ఖాయం చేయవద్దు.

బిగించే వరస

ముందు ఆయిల్ లేకుండా అడాప్టర్‌ను చేత్తో తొడిగి, పోర్టులు ఎటు తిరుగుతున్నాయో, మౌంటుకూ ఫ్రేముకూ తగలకుండా ఏ కోణం ఫిట్టింగులు కావాలో చూసుకోండి. పైపుల పొడవును తాడుతో కొలవండి. ఆక్సిలేటర్ ఇచ్చినప్పుడు ఇంజిన్ మౌంట్ల మీద పక్కకు ఒరుగుతుంది కాబట్టి కొలతకు నాలుగైదు సెంటీమీటర్లు కలపండి. పైపు మెలి పడకూడదు, దాని కంపెనీ చెప్పిన కన్నా చిన్న మలుపు తిరగకూడదు.

ఆయిల్ తీసి, పాత ఫిల్టర్ విప్పాక దాని గ్యాస్కెట్ ఫిల్టర్‌తోపాటే వచ్చిందో లేదో చూడండి. చాలాసార్లు అది బ్లాకుకు అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద అడాప్టర్ బిగిస్తే రెండు గ్యాస్కెట్లు ఒకదాని మీద ఒకటి జారి, మొదటి స్టార్ట్‌కే ఆయిల్ చిమ్ముతుంది. ముఖం తుడిచి, కొత్త గ్యాస్కెట్‌కు ఆయిల్ రాసి, అడాప్టర్‌ను కిట్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. మియాటా 1.8లో బ్లాకుకూ ఫిల్టర్‌కూ మధ్య కూలెంట్‌తో ఆయిల్ వేడిని సరిచేసే చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. జాగా కోసం దాన్ని పీకేయకండి, అడాప్టర్ దాని మీదే కూర్చోవాలి. ఫిట్టింగులు బిగించేటప్పుడు ఎప్పుడూ రెండు పానాలు వాడండి. ఒకటి తిప్పడానికి, ఒకటి అడాప్టర్‌ను కదలకుండా పట్టుకోవడానికి. లేకపోతే ఫిట్టింగు బిగుస్తోందనుకుంటూ అడాప్టర్‌ను వదులు చేస్తారు.

ఫిల్టర్ నోరు పైకి ఉంటుంది కాబట్టి నిండా ఆయిల్ పోసి, కాగితం పీల్చుకున్నాక మళ్లీ నింపి బిగించండి. పోసేది శుభ్రమైన కొత్త ఆయిలే కావాలి, ఎందుకంటే మధ్య రంధ్రంలో పోసింది వడకట్టకుండానే ఇంజిన్‌కు పోతుంది. గ్యాస్కెట్ తాకాక ముప్పావు చుట్టు, చేత్తో.

మొదటి స్టార్ట్

నేరుగా స్టార్ట్ చేయవద్దు. పైపుల నిండా గాలి ఉంటుంది. 22ఆర్-ఈ అయితే ఇంజిన్ అంటుకోకుండా ఈఎఫ్ఐ (పెట్రోలు చిమ్మే వ్యవస్థ) ఫ్యూజు పీకి, 10 సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్ మోటారు చల్లారేలా ఆగుతూ సెల్ఫ్ కొట్టండి. గేజీ ముల్లు లేచేదాకా, లేదా ఆయిల్ లైటు ఆరేదాకా ఫ్యూజు పెట్టవద్దు. నాలుగైదు సార్లు కొట్టినా ప్రెషర్ రాకపోతే ఇంకా కొడుతూ పోకండి. పైపులు తారుమారయ్యాయేమో ముందు చూడండి.

మియాటా వాళ్లకు ఒక హెచ్చరిక. 1990ల మధ్య నుంచి వచ్చిన బండ్లలో డాష్‌బోర్డు మీది ఆయిల్ ముల్లు నిజమైన గేజీ కాదు. ప్రెషర్ కనీస స్థాయి దాటితే చాలు, మధ్యలో నిలబడి ఉంటుంది. ఈ పనికి విడిగా మెకానికల్ గేజీ తగిలించి చూడటం మంచిది. 22ఆర్-ఈకి టయోటా చెప్పే లెక్క: ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో (ఆక్సిలేటర్ తొక్కకుండా) కనీసం 4.3 పీఎస్ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర 36 నుంచి 71 పీఎస్ఐ. పాత ఫిల్టర్‌తో ముందే కొలిచి రాసుకుంటే, మార్పు తర్వాత ఎంత తగ్గిందో ఖచ్చితంగా తెలుస్తుంది. ఒకటి రెండు పీఎస్ఐ తగ్గితే సహజం. పది తగ్గితే పైపు ఎక్కడో నొక్కుకుపోయింది, లేదా సన్నదైంది.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో ఒక నిమిషం, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర ఇంకో నిమిషం, టార్చి లైటుతో పది అతుకులూ చూడండి. పూర్తిగా వేడెక్కాక ఆపి, చల్లారాక ఒక్కో అతుకునూ పొడి టిష్యూతో ఒత్తి చూడండి. కంటికి కనపడని చెమ్మ టిష్యూ మీద కనిపిస్తుంది. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

ఆయిల్ ఎంత పడుతుంది

22ఆర్-ఈకి ఫిల్టర్‌తో కలిపి 4.3 లీటర్లు. అర అంగుళం పైపు మీటరుకు 127 మి.లీ. పడుతుంది కాబట్టి 75 సెం.మీ. చొప్పున రెండు పైపులకు 190 మి.లీ. హెడ్ మీద జాగా ఉందని ఫోర్డ్ ఎఫ్ఎల్-1ఏ లాంటి పెద్ద 3/4-16 ఫిల్టర్ పెడితే ఇంకో రెండు మూడు వందల మి.లీ. కలపాలి. పుస్తకంలో ఉన్నంతే పోసి వదిలేస్తే చాంబర్‌లో ఆమేర తక్కువ పడుతుంది. ముందు మామూలు కొలత పోసి, ఇంజిన్ నడిపి ఆపి, ఐదు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూసి, పై గీత దాకా కలుపుతూ మొత్తం ఎంతయిందో రాసుకోండి. తర్వాతి సార్లకు ఒక చిన్న తేడా ఉంది. ఆయిల్ మార్చినప్పుడు పైపుల్లోది చాలావరకు అక్కడే ఉండిపోతుంది. నాలుగు లీటర్ల పైచిలుకు కొత్త ఆయిల్‌లో ఈ 190 మి.లీ. పాతది కలిస్తే నష్టమేమీ లేదు. దానికోసం ప్రతిసారీ పైపులు విప్పడం వల్లనే ఎక్కువ నష్టం. కదిపిన అతుకే లీకవుతుంది.

తీసిన ఫిల్టర్‌ను బోర్లించి ఒక రాత్రి కారనివ్వండి. అమెరికాలో ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు వాడిన ఆయిల్‌ను చాలాచోట్ల ఉచితంగానే తీసుకుంటాయి. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వాడిన ఆయిల్ వస్తుంది. కాలువలో పోయకుండా, అనుమతి ఉన్న రీసైక్లర్లకు పంపే గ్యారేజీకి ఇవ్వండి.

ప్రతి ఆయిల్ మార్పుకూ పైపులను వేళ్లతో తడిమి చూడాలి. పైన బీటలు, ఒక చోట మెత్తదనం, చివర దగ్గర ఉబ్బు, వీటిలో ఏది కనిపించినా మార్చేయాలి. ఏమీ కనపడకపోయినా రబ్బరు హోస్‌లను ఐదారేళ్లకు మించి ఉంచవద్దు. దూర ప్రయాణానికి వెళ్లేటప్పుడు బండిలో ఇంజిన్ వైపు మరకు సరిపోయే మామూలు ఫిల్టర్ ఒకటి, నాలుగైదు లీటర్ల ఆయిల్, అడాప్టర్ విప్పే పానా ఉంచుకోండి. దారిలో పైపు చెమర్చడం మొదలుపెడితే వెంటనే ఇంజిన్ ఆపి, అడాప్టర్ తీసేసి, ఆ ఫిల్టర్‌ను కంపెనీ పెట్టిన పాత చోటే బిగించి ఇంటికి రావచ్చు. మీ కిట్‌లో అడాప్టర్ కోసం అసలు స్టడ్‌ను తీసి వేరేది పెట్టాల్సి వస్తే, ఆ పాత స్టడ్‌ను కూడా పారేయకుండా ఇదే సంచిలో వేసుకోండి.